సేఫ్టీ స్టాప్ దగ్గర ఆగలేని డైవర్: ఒక కేస్ స్టడీ

"కింద ఉన్నంతసేపూ బానే ఉంటాను సార్, పైకి వచ్చేటప్పుడే ఏదో లాగేస్తుంది." స్కూబా నేర్పేవాళ్ళు తరచూ వినే మాటే ఇది, ఈ కేసులో నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చిన ఒకావిడ చెప్పింది కూడా అదే. ఇలాంటి కేసుల్లో చాలావరకు సమస్య పైకి వచ్చేటప్పుడు పుట్టదు, కింద "బానే ఉంది" అనుకుంటున్న టైంలోనే తయారైపోయి ఉంటుంది, పైకి వచ్చేటప్పుడు బయటపడుతుంది అంతే. అది ఎలాగో అర్థం కావాలంటే ఒక్క కేసుని మొదట్నుంచీ చూడటం మేలని కాస్త వివరంగానే రాస్తున్నా.

ఆవిడకి నలభై దాటాయి, 60 కిలోల మనిషి, అడ్వాన్స్‌డ్ కోర్సు కూడా చేశారు. సముద్రంలో డైవింగ్. 3 ఎంఎం ఫుల్ సూట్, 11 లీటర్ల అల్యూమినియం సిలిండర్, మామూలు జాకెట్ టైప్ బీసీడీ (గాలి నింపుతూ, వదులుతూ తేలడాన్ని సర్దుకునే జాకెట్), కాళ్ళకి బరువైన రబ్బర్ ఫిన్స్, నడుముకి 8 కిలోల సీసం వెయిట్ బెల్ట్. తాడు పట్టుకుని వస్తే 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాల సేఫ్టీ స్టాప్ (ఒంట్లో చేరిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోయేలా పైకి వచ్చే ముందు ఆగడం) చేయగలరు. తాడు లేకపోతే 7, 8 మీటర్ల దగ్గర మొదలై ఆగకుండా పైకి వచ్చేస్తారు. నా దగ్గరికి వచ్చే ముందు చేసిన డైవ్‌లో అలాగే 7 మీటర్ల నుంచి సర్ఫేస్‌కి తేలిపోయారు, స్టాప్ మొత్తం పోయింది. అదృష్టం కొద్దీ కీళ్ళ నొప్పి, తిమ్మిరి, తల తిరగడం లాంటివేమీ రాలేదు, ఆ రోజుకి డైవింగ్ ఆపేసి ఆక్సిజన్ కిట్ పక్కనే పెట్టుకుని గమనిస్తూ ఉన్నారట. అది సరైన పనే.

హిస్టరీ అడుగుతుంటే ఇంకో ముఖ్యమైన సంగతి బయటికొచ్చింది. ఆవిడ మొదట్లో వాడింది 6 కిలోలు. పైకి తేలిపోతున్నాను అని చెప్తే ఎవరో "ఇంకో రెండు కిలోలు వేసుకోండి" అన్నారు, వేసుకున్నారు, ఆ తర్వాత తేలిపోవడం ఇంకా ఎక్కువైంది. వినడానికి విడ్డూరంగా ఉంటుంది, బరువు పెంచితే పైకి తేలడం తగ్గాలి కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఈ కేసులో అసలు మర్మమంతా ఇక్కడే ఉంది.

ముందు ఆవిడ డైవ్ కంప్యూటర్‌లో పాత డైవ్‌ల గ్రాఫ్ చూశాను. అందరూ చివర్లో నిలువుగా పైకి లేచిన గీత చూసి "ఇదిగో ఇక్కడ కంట్రోల్ పోయింది" అంటారు. నేను చూసింది అంతకు ముందు అరగంట. 16 నుంచి 18 మీటర్ల మధ్య ఉన్నప్పుడు గీత రంపం పళ్ళలా ఉంది, మీటరు పైకి, మీటరున్నర కిందికి, మళ్ళీ పైకి. పగడపు దిబ్బ వాలు వెంబడి ఈదారా, చేపల వెంట పడ్డారా అని అడిగితే లేదు, ఇసుక మీద ఒకే లోతులో ఉన్నాం అన్నారు. ఒకే లోతులో ఉన్న మనిషి గ్రాఫ్ అలా ఉండకూడదు. అంటే కింద కూడా న్యూట్రల్‌గా (తేలకుండా, మునగకుండా) లేరు, న్యూట్రల్‌గా ఉన్నట్టు కనిపించడానికి ఏదో పని చేస్తూనే ఉన్నారన్నమాట.

మనిషి మీదకి పోయే ముందు పరికరం సంగతి తేల్చుకోవాలి, ఇది మాత్రం ఎవరూ స్కిప్ చేయకండి. ఇన్‌ఫ్లేటర్ (బీసీడీలోకి గాలి పంపేది) బటన్ కొద్దిగా ఇరుక్కుని ఉంటే గాలి సన్నగా బీసీడీలోకి పోతూనే ఉంటుంది, డైవర్‌కి తెలీదు, లక్షణాలు అచ్చం ఇలాగే ఉంటాయి. బీసీడీ మొత్తం ఖాళీ చేసి, హోస్ తగిలించి, సిలిండర్ ఓపెన్ చేసి అలా వదిలేశాం, చాలాసేపటికి కూడా బీసీడీ ఉబ్బలేదు. డంప్ వాల్వులు (గాలి బయటికి వదిలేవి) విప్పి చూస్తే ఇసుక, ఉప్పు ఏం పట్టలేదు, తాడు లాగితే గాలి బాగానే పోతోంది. పరికరం తప్పు లేదు.

అప్పుడు 10 మీటర్ల లోతులో చదునైన ఇసుక మీదకి తీసుకెళ్ళాను. ఏమీ చేయమని చెప్పలేదు, మామూలుగా ఈదమని పక్కనుంచి చూశాను. తల పైకి, కాళ్ళు కిందికి, ఒళ్ళంతా దాదాపు 45 డిగ్రీల వాలులో ఉంది. ఫిన్ కొట్టిన ప్రతిసారీ కింద ఇసుక పొగలా లేస్తోంది, అంటే నీళ్ళని వెనక్కి కాకుండా కిందికి తోస్తున్నారు. కాళ్ళు ఒక్క క్షణం కూడా ఆగట్లేదు, చేతులు కూడా పక్కలకి ఊపుతూనే ఉన్నారు. కాసేపయ్యాక ముందే అనుకున్న సైగ చేశాను: కాళ్ళు చేతులు కదపొద్దు, ఊపిరి మాత్రం మామూలుగా తీసుకోండి. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టేలోపు పాదాలు జారిపోయాయి, ఒళ్ళు నిలువుగా అయిపోయింది, మోకాళ్ళు ఇసుకకి తగిలాయి. వెంటనే ఎడమ చేయి ఇన్‌ఫ్లేటర్ మీదకి వెళ్ళింది.

రోగం అక్కడే దొరికింది. ఆవిడని అంత లోతులో నిలబెడుతున్నది బీసీడీలో గాలి ఒక్కటే కాదు, కాళ్ళు కూడా. ఒళ్ళు వాలుగా ఉంది కాబట్టి ఫిన్ కొట్టిన బలంలో ఒక భాగం ముందుకి, ఒక భాగం పైకి పోతోంది. ఆ పైకి పోయే బలం, ఎక్కువైన బరువు రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంటే "నేను న్యూట్రల్" అని ఆవిడకి అనిపిస్తోంది. ఇంతవరకూ ఎవరూ కాళ్ళు ఆపి చూడమనలేదు, ఆపి ఉంటే మొదటి రోజే తెలిసిపోయేది.

ఇప్పుడు లెక్క చూద్దాం. 18 మీటర్ల దగ్గర ప్రెజర్ 2.8 బార్, 5 మీటర్ల దగ్గర 1.5 బార్. ఎక్కువ బరువుని మోయడానికి ఆవిడ బీసీడీలో 18 మీటర్ల దగ్గర 4 లీటర్ల గాలి ఉందనుకుందాం, అదే గాలి వదలకుండా 5 మీటర్లకి వస్తే దాదాపు 7.5 లీటర్లు అవుతుంది. నీళ్ళలో ఒక లీటరు గాలి దాదాపు ఒక కిలోని పైకి లేపుతుంది, అంటే మూడున్నర కిలోల లిఫ్ట్ కొత్తగా పుట్టింది. సరైన బరువుతో దిగి 2 లీటర్లే వేసుకున్న మనిషికి అదే ప్రయాణంలో 3.7 లీటర్లు అవుతుంది, పెరిగింది 1.7 కిలోలు మాత్రమే. నిష్పత్తి ఇద్దరికీ ఒకటే, కానీ కంట్రోల్ చేయాల్సిన గాలి ఒకరికి రెండింతలు. రెండు కిలోలు అదనంగా వేసుకున్నాక తేలిపోవడం ఎందుకు పెరిగిందో ఇప్పుడు అర్థమైంది కదా. ఆ సీసం బరువుని మోయడానికి గాలి ఎక్కువ వేయాలి, ఆ గాలి పైకి వస్తుంటే ఉబ్బుతుంది, సీసం మాత్రం ఎంత ఉందో అంతే ఉంటుంది. దీనికి తోడు లోతులో నలిగిన సూట్ కూడా పైకి వచ్చేకొద్దీ మళ్ళీ ఉబ్బి తన వంతు లిఫ్ట్ ఇస్తుంది, సిలిండర్‌లో గాలి వాడేసినందుకు ఇంకో రెండు కిలోలు తేలికవుతాం.

ఇంకా 7 మీటర్ల దగ్గర సరిగ్గా ఏం జరుగుతోందో చూడాలని, తాడు పక్కనే ఉంచి, నేను చేతికందేంత దగ్గర్లో ఉండి ఒక అసెంట్ (పైకి రావడం) చేయించాను. నిలువుగా ఉన్నారు, కాళ్ళు కొడుతూనే ఉన్నారు. 10 మీటర్ల వరకు నెగటివ్‌గానే (మునిగేలా) ఉన్నారు కాబట్టి కాళ్ళతోనే పైకి వచ్చారు, వేగం కూడా బాగానే ఉంది, అందుకే గాలి వదలాలన్న ఆలోచన రాలేదు. 8 దగ్గర గాలి ఉబ్బి పాజిటివ్ (తేలేలా) అయ్యారు, కాళ్ళు మాత్రం అదే లయలో కొడుతున్నాయి. ఇప్పుడు రెండు ఇంజన్లు ఒకేసారి పైకి తోస్తున్నాయి. కంప్యూటర్ బీప్ కొట్టింది. ఆవిడ ఉలిక్కిపడి పెద్ద ఊపిరి లోపలికి లాగి బిగపట్టారు, దాంతో ఇంకో లీటరున్నర లిఫ్ట్ చేరింది. తర్వాత కిందికి ఈదుదామని తల కిందికి వంచి, ఆ పొజిషన్‌లోనే ఇన్‌ఫ్లేటర్ డంప్ బటన్ నొక్కారు. గాలి ఎప్పుడూ బీసీడీలో అన్నిటికంటే పైనున్న చోటుకే పోతుంది. తల కిందికి వంచేసరికి గాలంతా నడుము వైపు చేరింది, భుజం దగ్గరున్న హోస్ నోరు కింద ఉంది, బటన్ ఎంత నొక్కినా ఒక్క బుడగ రాలేదు. నేను వెనక నడుము దగ్గరున్న డంప్ తాడు లాగితే గాలి బుడబుడమని పోయి అక్కడికక్కడే ఆగారు.

ఊపిరి బిగపట్టిన విషయం ఒడ్డుకి రాగానే మొదట మాట్లాడాను, మిగతావన్నీ తర్వాత. స్టాప్ పోవడం ఒక ఎత్తు, ఇది ఇంకో ఎత్తు. ఊపిరి నిండా బిగపట్టి మీటరు, మీటరున్నర పైకి వచ్చినా ఊపిరితిత్తులు దెబ్బతినే అవకాశం ఉంది, గాలి బుడగ రక్తంలోకి వెళ్ళి మెదడుకి చేరితే ప్రాణం మీదకే వస్తుంది. "వేగం తగ్గించడం కుదరకపోయినా పర్లేదండీ, ఊపిరి మాత్రం వదులుతూనే ఉండాలి" అని గట్టిగా చెప్పాను. ఈ ఒక్క విషయంలో నేను మెత్తగా మాట్లాడను.

సరిచేయడం బరువుతో మొదలుపెట్టాం. 50 బార్ మిగిలిన సిలిండర్‌తో, లోతు తక్కువ ఉన్న చోట, బీసీడీ పూర్తిగా ఖాళీ చేసి, కాళ్ళు కదపకుండా నీళ్ళలో నిలువుగా ఉండమన్నాను. మామూలు ఊపిరి తీసుకుని ఆపితే నీటి మట్టం కళ్ళ దగ్గర ఉండాలి, ఊపిరి వదిలితే మెల్లగా మునగాలి. (ఊపిరి ఆపడం ఇక్కడ పైన తేలుతూ ఉన్నప్పుడు మాత్రమే, కింద కాదు.) ఫుల్ సిలిండర్‌తో చెక్ చేస్తే వాడబోయే గాలి బరువుకి రెండు కిలోలు కలుపుకోవాలి. 8 నుంచి ఒక్కో కిలో తీస్తూ వచ్చాం, 5 దగ్గర ఆగింది. ఆవిడకి భయం, "5 తో నేను అసలు కిందికే దిగలేను సార్" అన్నారు. నిజంగానే మొదట దిగలేదు. ఎందుకంటే దిగేటప్పుడు కూడా కాళ్ళు ఊపుతున్నారు, ఊపిరి సగమే వదులుతున్నారు. కాళ్ళు కదపకుండా ఊపిరి చివరిదాకా వదలమంటే, రెండు మూడు సెకన్లు ఏమీ జరగనట్టు ఉండి, ఆ తర్వాత చక్కగా మునిగారు. ఆ రెండు మూడు సెకన్ల ఆలస్యాన్ని ఓర్చుకోవడం రాకే చాలామంది సీసం పెంచుకుంటూ పోతారని నా అభిప్రాయం.

తర్వాత పొజిషన్. బరువు సరైనా కాళ్ళు జారుతూనే ఉంటే లాభం లేదు, ఎందుకంటే మళ్ళీ వాలు వస్తుంది, వాలు వస్తే ఫిన్ మళ్ళీ పైకి తోస్తుంది. 5 కిలోల్లో 3 నడుముకి ఉంచి 2 కిలోలు సిలిండర్ పట్టీకి భుజాల వైపు పెట్టాం, సిలిండర్‌ని కూడా కాస్త పైకి జరిపాం. రబ్బర్ ఫిన్స్ బదులు తేలికైనవి వేసుకున్నారు. తేడా అప్పుడే కనపడింది, కానీ సగమే. మిగతా సగం తల దగ్గర ఉంది. ఆవిడ కంప్యూటర్ గేజ్ కన్సోల్‌లో (హోస్ చివర మీటర్లుండే డబ్బాలో) ఉంది, అది పొట్ట దగ్గర వేలాడుతూ ఉంటుంది, లోతు చూడాలన్న ప్రతిసారీ గడ్డం ఛాతీకి ఆనించి కిందికి చూస్తారు, అలా చూడగానే నడుము వంగి మోకాళ్ళు పొట్ట వైపు ముడుచుకుని ఒళ్ళంతా నిలువు అయిపోతుంది. కంప్యూటర్‌ని మణికట్టుకి మార్పించి, చేతులు ముందుకి చాచి దాన్ని కళ్ళ ఎదురుగా పెట్టుకోమన్నాను. గడ్డం పైకి, నడుము నిటారుగా, తొడలు ఒంటికి వరసలో, మోకాళ్ళ దగ్గర మాత్రం కాళ్ళు పైకి మడిచి ఉంచాలి. కాళ్ళు ఆపి అలా ఉండగలిగారా లేదా అన్నదే పరీక్ష. మొదట్లో కొద్ది సెకన్లే, తర్వాత తర్వాత నిమిషం దాకా.

బోర్లా పడుకున్నట్టు ఉండటం అందం కోసం కాదండీ, ఫొటోల్లో బావుంటుందనీ కాదు. ఆ పొజిషన్‌లో పైకి వస్తుంటే ఒళ్ళంతా నీళ్ళకి అడ్డంగా ఉంటుంది కాబట్టి నీళ్ళే బ్రేక్ వేస్తాయి. నిలువుగా ఉంటే బాణంలా దూసుకుపోతాం. ఇంకోటి, ఫిన్ కొడితే ముందుకే వెళ్తాం, పైకి కాదు. మొదటి కోర్సులో నిలువుగా, చేయి పైకెత్తి, పైకి చూస్తూ రమ్మని నేర్పుతారు, పైన పడవ ఉందేమో చూసుకోవడానికి చివరి భాగంలో అది అవసరమే. స్టాప్‌లు మాత్రం అడ్డంగా ఉండి చేయడమే తేలిక.

ఊపిరి సంగతి నేర్చుకోవడానికి ఎక్కువ టైం పట్టింది. బీసీడీ పెద్ద మార్పులకి, ఊపిరితిత్తులు చిన్న మార్పులకి, అంతవరకు ఆవిడకి తెలుసు. తెలియనిది ఆలస్యం. ఊపిరి లోపలికి తీసుకున్నాక ఒళ్ళు కదలడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది, ఆవిడేమో ఊపిరి తీసుకుని ఏం కాలేదని ఇన్‌ఫ్లేటర్ నొక్కేవారు, తర్వాత ఊపిరి ప్రభావం, బటన్ ప్రభావం రెండూ కలిసి వచ్చి పడేవి. రంపం పళ్ళ గ్రాఫ్‌కి సగం కారణం అదే. అందుకని కొన్నాళ్ళు ఒక నియమం పెట్టాం: బటన్ నొక్కే ముందు రెండు పూర్తి శ్వాసలు ఆగాలి. అలా ఆగితే సగం సార్లు బటన్ అవసరమే ఉండదు.

గాలి వదలడం విడిగా ప్రాక్టీస్ చేయించాను, 6 మీటర్ల దగ్గర, కళ్ళు మూసుకుని. అడ్డంగా ఉన్నప్పుడు చేయి వెనక్కి పోయి నడుము డంప్ తాడుని వెతక్కుండా పట్టుకోవాలి, ఆ వైపు తుంటి కొంచెం పైకెత్తాలి, చిటికె వేసేంత సేపు లాగి వదిలేయాలి. భుజం వైపు వదలాలంటే తల, ఛాతీ కాస్త పైకెత్తి, ఎడమ భుజం పైకి తిప్పి, హోస్ చివరని అన్నిటికంటే ఎత్తులో పెట్టి అప్పుడు నొక్కాలి. ఏది వాడినా బుడగల శబ్దం వినపడిందా అన్నది చూసుకోవాలి, వినపడకపోతే గాలి పోనట్టే, ఇంకా గట్టిగా నొక్కడం కాదు ఒంటి పొజిషన్ మార్చాలి. వేగం పెరిగాక వదలడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, పైకి కదలబోయే ముందే ఒక చిటికె వదలాలి.

ఇవన్నీ కుదిరాకే అసెంట్ మీదకి వచ్చాం. 12 మీటర్ల నుంచి 9 కి, అక్కడ నిమిషం ఆగడం, 6 కి, మళ్ళీ ఆగడం, తర్వాత 5. పైకి బయల్దేరేది ఫిన్ కొట్టి కాదు, మామూలు కంటే కాస్త నిండుగా ఒక ఊపిరి తీసుకుని. కదలిక మొదలవగానే కొంచెం గాలి వదలాలి, ఊపిరి ఆడుతూనే ఉండాలి, అనుకున్న లోతుకి మీటరు ముందే ఊపిరి పొడవుగా వదిలి ఆగాలి. మూడు మీటర్లు ఎక్కడానికి 20 సెకన్లు, అంటే నిమిషానికి 9 మీటర్లు. ఒకప్పుడు నిమిషానికి 18 మీటర్లు మామూలు విషయం, మీ చిన్న చిన్న బుడగల కంటే వేగంగా రావొద్దని చెప్పేవాళ్ళు, 1993లో అమెరికా నేవీ తన డైవర్లకి దాన్ని 18 నుంచి 9కి తగ్గించింది. బుడగలతో పోల్చుకునే పద్ధతిని నేను ఇప్పుడు నేర్పను. కంప్యూటర్ చూపించే అసెంట్ రేట్ కూడా కాస్త వెనకబడి వస్తుంది కాబట్టి దాని బీప్ కోసం ఎదురుచూడొద్దని, నీళ్ళలో తేలే నలుసులు కళ్ళ ముందు కిందికి జారుతున్నాయా అన్నది చూడమని చెప్పాను. జారుతున్నాయంటే మనం పైకి పోతున్నట్టు. కంప్యూటర్ కంటే ముందే అది తెలుస్తుంది.

మొదట తాడు పక్కన, ముట్టుకోకుండా. తర్వాత తాడు కనపడేంత దూరంలో. చివరికి ఏమీ లేని నీలం నీళ్ళలో, నేను ఎదురుగా ఉండి. 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు, కాళ్ళు ముడిచి కదపకుండా, అరమీటరు అటూ ఇటూ. కళ్ళు పెద్దవి చేసి కంప్యూటర్ వైపు చూస్తూ ఉన్నారు, మాస్క్ వెనక నవ్వు తెలుస్తూనే ఉంది. ఆ స్టాప్ అయ్యాక ఉన్న చివరి 5 మీటర్లని మాత్రం ఎవరూ పట్టించుకోరు, స్టాప్ అయిపోయింది కదా అని ఎగిరిపోతారు. 1.5 బార్ నుంచి 1 బార్, గాలి ఒకటిన్నర రెట్లు అయ్యేది ఆ కాస్త దూరంలోనే. దానికి నిమిషం పట్టేలా రమ్మని చెప్పి, అది కూడా విడిగా చేయించాను.

ఇప్పుడు ఆవిడ గ్రాఫ్‌లో కింది భాగం దాదాపు సాఫీగా ఉంది, పైకి వచ్చే భాగం మెట్లలా ఉంది. గాలి వాడకం కూడా తగ్గింది, కాళ్ళు రోజంతా బరువు మోయడం మానేశాయి కాబట్టి అది రావాల్సిందే. అంతా అయిపోయిందని కాదు. డీఎస్ఎంబీ (కింద నుంచి గాలి ఊది పైకి వదిలే గుర్తు బుడగ) ఎగరేసేటప్పుడు ఇంకా మీటరు దాకా పైకి లేస్తున్నారు. స్పూల్ (దాని తాడు చుట్ట) చూసుకోవడంలో పడి తల వంచేస్తున్నారు, పాత వంగుడు మళ్ళీ వస్తోంది, పైగా దాన్లోకి ఊదడానికి నిండుగా ఊపిరి తీసుకుంటున్నారు, ఆ ఊపిరే లేపుతోంది. స్పూల్‌ని కళ్ళ ఎత్తులో ఉంచి పని చేయడం, ఊదే ముందు అరమీటరు కిందికి దిగి మొదలుపెట్టడం ఇప్పుడు చేయిస్తున్నా, గాలి ఒకేసారి కాకుండా తక్కువే వేసి వదిలేయమంటున్నా, పైకి వెళ్ళేకొద్దీ అది ఎలాగూ ఉబ్బుతుంది. చలికాలం కోసం 5 ఎంఎం సూట్ తీసుకుంటున్నారట, దానితో వెయిట్ చెక్ మొదట్నుంచీ మళ్ళీ చేయాలి, 5 కిలోల అంకె ఈ సూట్‌కి, ఈ సిలిండర్‌కి, ఉప్పునీళ్ళకి మాత్రమేనని లాగ్‌బుక్‌లో రాయించాను.